చింతగింజలతో కంప్యూటరు చదువు

పుత్తూరు పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా జ్ఞాపకం వచ్చేది కట్టు. కాలు విరిగినా చెయ్యి విరిగినా దక్షిణదేశం నలుమూలలనుంచీ జనం వచ్చి, ఈ ఊరి ప్రక్కనున్న రాచపాళెంలో కట్టు కట్టించుకుని పోవడం వంద సంవత్సరాలకు పైబడి సాగుతున్నది. ఆ తరువాత చెప్పవలసింది మగ్గం. పుత్తూరు, నారాయణవనం, నగరి – ఈ ప్రాంతమంతా మరమగ్గాల చప్పుడు. వీటికి తోడు ఇప్పుడు మూడవది ఒకటి వచ్చి చేరింది. తిరుపతికీ చెన్నైకీ మధ్య రైలుదారిలో వున్న ఊరు గనుక, ఏ అరుగుమీద కాసేపు కూర్చున్నా, ఎవరి కొడుకో, ఎవరి కోడలో చెన్నైలోనో బెంగుళూరులోనో కంప్యూటరు ఉద్యోగంలో వున్నారన్న కబురు చెవిన పడుతుంది.

ఆ కబురు వెనకాలే ఒక బెంగకూడా బయలుదేరింది. "మా వాడికి అయిదో ఏడు నడుస్తావుంది. వానికి కోడింగు ఎప్పుడు మొదలుపెట్టించాల?" ఇలా అడిగే తల్లిదండ్రులను తప్పు పట్టడానికి వీలులేదు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడి, పిల్లలంతా ఇళ్ళల్లో వున్న రోజులలో, ఆరేళ్ళవాడు కోడింగు నేర్చుకుంటే చాలు కోటీశ్వరుడైపోతాడన్నంత హోరుగా ప్రకటనలు వచ్చాయి. వాటిలో కొన్నింటిని, ప్రకటనల మంచిచెడ్డలు చూసే సంస్థ వేలెత్తి చూపిన మీదట, వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ప్రకటనలు పోయాయిగాని బెంగ పోలేదు. పోకపోగా, దానికి విరుగుడుగా చాలా ఇళ్ళల్లో పసివాడి చేతికి సెల్‌ఫోను వచ్చింది. వాడు అందులో కోడింగు నేర్చుకుంటున్నాడని ఇంట్లోవాళ్ళ నమ్మకం. వాడు చూసేది వేరే!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం, ఏడాది నిండని పసివాళ్ళకు తెర అసలు చూపించరాదు. రెండు మొదలు నాలుగేళ్ళవాళ్ళకు రోజుకు గంట మించరాదు, అంతకంటె తగ్గితే మరీ మంచిది. మన జాతీయ విద్యావిధానంకూడా, 2020లో వచ్చినది, కోడింగును ఆరవ తరగతితో మొదలయ్యే దశకే పెట్టింది. అంతకు ముందు చిన్న తరగతులలో ఏమి చేయాలో కూడా చెప్పింది: లెక్కలనూ, కంప్యూటరుకు కావలసిన ఆలోచనా పద్ధతినీ పొడుపుల ద్వారా, ఆటల ద్వారా అలవాటు చేయమన్నది. అంటే, సర్కారువారి కాగితంలోనే పసిపిల్లల కంప్యూటరు చదువుకు ఆట అనే పేరు వున్నదన్నమాట. ఆ ఆటలేమిటి, వాటికి ఎంత ఖర్చవుతుంది, పుత్తూరువంటి ఊళ్ళో ఒక వాకిట్లో వాటిని ఆడించడం ఎట్లా అన్నదే ఇక్కడి సంగతి.

ముందు అసలు కోడింగు అంటే ఏమిటో చూద్దాం. "అంగడికి పోయి ఉప్పు తీసుకురా" అని ఇంట్లో పిల్లవాడికి చెబుతాము. వాడు లేస్తాడు, చెప్పులు వేసుకుంటాడు, వీధిలో బండి వస్తూ వుంటే ఆగుతాడు, అంగడి మూసివుంటే ప్రక్క అంగడికి పోతాడు. ఇవేవీ మనం చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసుకునే ఇంగితం వాడికి వున్నది. కంప్యూటరుకు అది లేదు. దానికి వున్నదల్లా శ్రద్ధ. చెప్పింది చెప్పినట్లు, చెప్పిన వరుసలో చేస్తుంది. ఒక మాట వదిలిపెడితే అక్కడే నిలబడిపోతుంది, తప్పు మాట చెబితే ఆ తప్పునే పరమ విధేయతతో చేస్తుంది. అటువంటి బంటుకు పని పురమాయించడమే కోడింగు. ఏది ముందో ఏది వెనకో ఏర్పరచడం, పదిసార్లు చేయవలసినదాన్ని పదిసార్లు చెప్పకుండా ఒక్క మాటలో చెప్పడం, "ఇట్లా వుంటే ఇది చెయ్యి, లేకుంటే అది చెయ్యి" అని ముందే ఊహించి పెట్టడం, అన్నిటికంటె ముఖ్యంగా, అనుకున్నది జరగనప్పుడు ఎక్కడ చెడిందో వెతికి పట్టుకుని ఆ ఒక్కచోట సరిచేయడం – ఇంతే దాని గుట్టు. దీనిలో మీట నొక్కవలసిన అవసరం ఎక్కడా లేదు.

ఇక ఆట. ఒక సాయంత్రం వాకిట్లో అవ్వ, ఎనిమిదేళ్ళ అక్క, ఆరేళ్ళ తమ్ముడు వున్నారనుకుందాం. ముగ్గుపిండితో అటు నాలుగు ఇటు నాలుగు, మొత్తం పదహారు గడులు గీయాలి. ఎడమవైపు క్రింది మూల గడిలో అక్క ఇంటివైపు ముఖం పెట్టి నిలబడుతుంది. ఇప్పుడు ఆమె అక్క కాదు, మిషన్. అక్కడినుంచి రెండు గడులు ముందుకూ రెండు గడులు కుడివైపుకూ లెక్కపెట్టి, ఆ గడిలో ఒక టెంకాయ పెట్టాలి. మిషన్‌ను టెంకాయ దగ్గరకు చేర్చడం తమ్ముడి పని. అయితే నోటితో చెప్పకూడదు. రాయి పెడితే ఒక అడుగు ముందుకు. గవ్వ పెడితే ఉన్నచోటనే కుడివైపుకు తిరగడం. చింతగింజ పెడితే ఉన్నచోటనే ఎడమవైపుకు తిరగడం. ఈ మూడే మాటలు. వాటిని వరుసగా అరుగుమీద పేర్చి, పేర్చడం అయిపోయిన తరువాతనే మిషన్‌ను కదలమనాలి. మధ్యలో చెయ్యి పెట్టకూడదు.

తమ్ముడు రాయి, రాయి, గవ్వ, రాయి పెట్టాడు. మిషన్ రెండడుగులు నడిచింది, కుడికి తిరిగింది, ఒక్క అడుగు వేసింది, నిలబడిపోయింది. టెంకాయ ఎదుటి గడిలో వున్నది.

"అక్కా, ఇంగొక్క అడుగు ఎయ్యి!"

"ఎట్లా ఏసేదిరా? రాళ్ళు అయిపోయినాయి."

"టెంకాయి నీకు కనపడలేదా?"

"నాకు కనపడతాది. మిషన్‌కు కనపడదు గదా."

"అవ్వా, అక్క చూడవ్వా, కావాలనే చేస్తావుంది!"

"అక్క మీద అరిస్తే ఏమొస్తాది నాయనా? నువ్వు పెట్టిన రాళ్ళు ఒకసారి ఏలు పెట్టి లెక్కపెట్టుకో."

అక్కడ వున్నది అసలు పాఠం. పిల్లవాడు మొదటిసారి ఎప్పుడూ ఇక్కడే దెబ్బతింటాడు. "కుడికి తిరుగు" అంటే కుడివైపు ఒక అడుగు వేయడంకూడా అందులోనే వున్నదని వాడి లెక్క. మనుషుల మాటలో వుండవచ్చుగాని మిషన్ మాటలో లేదు. వేలు పెట్టి ఒక్కొక్క రాయికీ ఒక్కొక్క అడుగును సరిచూసుకుంటూ పోతే, ఎక్కడ ఒక రాయి తక్కువైందో వాడికే కనిపిస్తుంది. ఎముక ఎక్కడ విరిగిందో చూడకుండా కట్టు కట్టేవాళ్ళు పుత్తూరులో ఎవరూ వుండరు, ఇదీ అంతే. వాడు ఆ రాయి చేర్చి మళ్ళీ నడిపించినప్పుడు ముఖంలో వచ్చే వెలుగు చూడవలసిందేగాని వ్రాసేది కాదు.

అది వచ్చిన తరువాత అవ్వ ఆ దారి మూలమలుపు గడిలో ఒక చెంబు పెడుతుంది. ఇక పాత దారి పనికిరాదు. గవ్వ, రాయి, రాయి, గింజ, రాయి, రాయి – అయిదు మాటల పని కాస్తా ఆరు మాటలైంది. ఇంకొక దారి వున్నదా అని ఆలోచన మొదలవుతుంది. మరునాడు టెంకాయ తీసేసి, చతురంగా ఒక చుట్టు తిరిగి మొదటి గడికే రమ్మంటే, రాయి రాయి గవ్వ, రాయి రాయి గవ్వ అని పేర్చి పేర్చి వాడికే విసుగు పుడుతుంది. పుట్టనివ్వాలి. అప్పుడు ఒక తమలపాకు వేసి, దానిమీద "రాయి రాయి గవ్వ" ఒక్కసారి పెట్టించి, ప్రక్కన సుద్దతో నాలుగు గీతలు గీస్తే చాలు. ఆకుమీద వున్నది నాలుగుసార్లు చేయమని అర్థం. పన్నెండు మాటలు మూడు మాటలైనాయి. ఇదే విషయాన్ని పూలు కట్టే ఇంట్లో వేరే చెప్పనక్కరలేదు: నాలుగు మల్లెలు, రెండు కనకాంబరాలు, ఒక మరువపు రెమ్మ, మళ్ళీ మొదటికి. మూర ఎన్నిసార్లకు వస్తుందో ఏడేళ్ళ పిల్ల చెప్పగలదు.

ఒక చిన్న జాగ్రత్త. ఆరేళ్ళలోపు పిల్లలకు కుడి ఎడమలు తారుమారు కావడం సహజం. అందులోనూ మిషన్ తనకు ఎదురుగా తిరిగి నిలబడ్డప్పుడు మిషన్ కుడి ఏదో పెద్దవాళ్ళకే తికమక. మిషన్ కుడిచేతికి ఒక గాజో, ఎర్రదారమో కట్టండి. నాలుగేళ్ళవాళ్ళకైతే తిరగడాలే వద్దు. "ముందుకు, గెంతు, ఆగు" ఈ మూడింటితో వరుసగా గడులు దాటించినా ఎక్కువే.

ఈ ఆటకు పూర్వీకులు వున్నారు. అమెరికాలో 1967లో ఫోయర్‌జైగ్, పేపర్ట్, సింథియా సాలమన్ మొదలైనవారు పిల్లలకోసం లోగో అనే కంప్యూటరు భాషను తయారుచేశారు. దానిలో నేలమీద పాకే మర తాబేలుకు ముందుకు, కుడికి, ఎడమకు అని చెప్పి బొమ్మలు గీయించేవారు. సెమూర్ పేపర్ట్ అంతకు ముందు జెనీవాలో పిల్లల మనస్తత్వవేత్త పియాజే దగ్గర పనిచేసినవాడు. తాబేలు ఎటు తిరగాలో తోచకపోతే పిల్లవాణ్ణి లేచి నిలబడి, తానే తాబేలై నడిచి చూడమనేవాడు. పిల్లవాడికి తన ఒళ్ళు తనకు తెలుసు. ఆ తెలివితోనే తాబేలుకు చెప్పగలడు. అంటే తెర వున్న చదువుకు పునాది తెర లేని నడకలోనే పడిందన్నమాట. తరువాత న్యూజిలాండులో టిమ్ బెల్ అనే ఆచార్యుడూ ఆయన మిత్రులూ 1990ల కాలంలో కంప్యూటరే లేకుండా కంప్యూటరు శాస్త్రం చెప్పే ఆటలను కూర్చి పుస్తకం వేశారు. అవి దేశదేశాలకూ ప్రాకాయి. 2013లో డాన్ షపీరో అనే అమెరికన్ తన పిల్లలకోసం 'రోబో తాబేళ్ళు' అనే పలక ఆట తయారుచేశాడు. అందులో ఒక చమత్కారం వున్నది. పిల్లవాడు ఆజ్ఞ యిస్తాడు, పెద్దవాళ్ళు కిక్కురుమనకుండా దాన్ని అమలు జరపాలి. సలహా యివ్వకూడదు, "అట్లా కాదురా" అనకూడదు. మన ఇళ్ళల్లో ఇది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక మాట. మన అవ్వలకు కోడింగు ముందే తెలుసునని చెప్పి సంతోషించేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ మాట నాకు అంత రుచించదు. పాత ఆటలన్నీ కంప్యూటరు చదువులు కావు. వైకుంఠపాళిలో పాము మింగినా నిచ్చెన ఎక్కినా అంతా పందెం దయ. ఆడేవాడు ఆలోచించి చేయవలసింది ఏమీ లేదు. తొక్కుడుబిళ్ళలో చురుకుతనం వున్నది, పురమాయించడం లేదు. పాత ఆట కంప్యూటరు పాఠం కావాలంటే దాన్ని ఒక్క మలుపు తిప్పాలి: ఆడకముందే "ఏమి జరుగుతుందో చెప్పు" అని అడగాలి. ఆ ప్రశ్న పడగానే కొన్ని ఆటలు నిజంగానే వేరే ఆటలైపోతాయి.

వామనగుంటలే తీసుకోండి. రెండు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. గుంటకు నాలుగు చొప్పున యాభైఆరు చింతగింజలు. నియమాలు ఊరూరికీ కొంచెం మారుతూ వుంటాయిగాని సాధారణంగా పద్ధతి ఇది: ఒక గుంటలోని గింజలు తీసి, తరువాతి గుంటలలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ తరువాతి గుంటలోవి తీసి మళ్ళీ వేయాలి. తరువాతి గుంట ఖాళీగా వుంటే ఆట ఆగుతుంది. ఆ ఖాళీని తడిమి, దాని ప్రక్క గుంటలో వున్నవి గెలుచుకోవాలి. "చేతిలో గింజలు వున్నంతవరకు వెయ్యి", "ఖాళీ వస్తే ఆగు, లేకపోతే మళ్ళీ మొదలుపెట్టు" – ఇంతకంటె శుభ్రమైన ప్రోగ్రాము వ్రాసి చూపించడం కష్టం.

ఇప్పుడు ఆ మలుపు. మొదటి గుంటనుంచి మొదలుపెట్టకముందే పిల్లలను అడగండి: ఎన్ని చుట్లు వేస్తాము, ఎక్కడ ఆగుతాము, ఎన్ని గింజలు వస్తాయి? వాళ్ళు తోచింది చెబుతారు. తరువాత వేసి చూడండి. ఒకటవ గుంటలోవి తీస్తే అయిదవదానితో అయిపోతాయి. ఆరవది తీస్తే పదవదానితో. పదకొండవది తీస్తే చుట్టు తిరిగి ఒకటవదానితో. రెండవదానిలో అప్పటికి అయిదు వుంటాయి, ఏడవదానితో సరి. ఎనిమిదవది తీస్తే పదమూడుతో. పద్నాలుగవది తీస్తే అయిదుతో. ఆరవదానిలో ఒకే ఒక్క గింజ, అది ఏడులో పడుతుంది. తరువాతిది ఎనిమిది, ఖాళీ. ఏడుసార్లు తీసి వేశాము. తొమ్మిదవ గుంటలో ఆరు గింజలు మనవి. రేపు వేసినా అంతే, మీ ఊళ్ళో వేసినా అంతే. ఇందులో అదృష్టానికి చోటు లేదు. ఒకే మొదలు, ఒకే నియమం, ఒకే ముగింపు – కంప్యూటరు నమ్మకానికి ఆధారమంతా ఇదే.

గుంటకు ఒక్క గింజ పెంచి అయిదేసి పోయండి. గింజలు పెరిగాయి గనుక చుట్లూ పెరుగుతాయని పిల్లలే కాదు పెద్దలూ అంటారు. కాని అయిదుసార్లు వేయగానే ఆట ఆగుతుంది. ఆరవ గుంటలో ఏడు గింజలు వస్తాయి. ఊహకూ జరిగినదానికీ తేడా వచ్చినప్పుడు పిల్లవాడు నేలమీద గీతలు గీసి ఒక్కొక్క చుట్టునూ వ్రాసుకోవడం మొదలుపెడితే, మీరు ఇక ఏమీ నేర్పనక్కరలేదు, ప్రక్కన కూర్చుంటే చాలు. పులిజూదం దీనికంటె పెద్ద ఆట. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు. "నేను ఇక్కడ పెడితే పులి ఎటు దూకుతుంది" అని రెండెత్తులు ముందుకు చూడాలి గనుక ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకే అది బాగుంటుంది.

ఇక ముగ్గు దగ్గరకు వద్దాం. తెలుగూ అరవమూ కలిసి వినిపించే పుత్తూరులో కొన్ని ఇళ్ళల్లో ముగ్గు, కొన్ని ఇళ్ళల్లో కోలం, పిండి ఒకటే. సంక్రాంతి సంచికలలో ముగ్గులు చూసే పాఠకురాళ్ళకు "ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు, సందుచుక్క" అంటే చాలు. నడుమ వరుసలో ఏడు, అటూ ఇటూ ఆరు, అయిదు, నాలుగు. ప్రతి చుక్కా పై వరుస రెండు చుక్కల సందులో. మొత్తం ముప్పైఏడు చుక్కలు తప్పు లేకుండా నేలమీద పడతాయి. ముప్పైఏడింటి చోటులూ చెప్పలేదు. చుక్క పెట్టే పద్ధతి చెప్పాము. అదే మాటలో "సందుచుక్క" తీసి "ఎదురుచుక్క" పెడితే ముగ్గే వేరు. పిల్లచేత ఈ మాట చదివించి, బొమ్మ చూపించకుండా, చుక్కలు పెట్టమనండి. తరువాత ఆమెచేతనే ఇంకొకరికి చెప్పించండి. మెలికముగ్గు అయితే మరీ మంచిది. గీత చుక్కలను చుట్టుకుంటూ బయలుదేరినచోటికే వచ్చి కలవాలి. ఎక్కడో ఒక్క మెలిక తప్పినా కలవదు. తప్పు వున్నదని అమ్మ చెప్పనక్కరలేదు, ముగ్గే చెబుతుంది.

దీనిని పండితులు గుర్తించలేదనుకోకండి. పుత్తూరునుంచి రైలెక్కితే కొద్ది గంటలలో చేరే చెన్నై ప్రక్కన తాంబరంలో మద్రాస్ క్రిస్టియన్ కళాశాల వున్నది. అక్కడ గిఫ్ట్ శిరోమణి, ఆయన భార్య రాణీ శిరోమణి, వారితో కమలా కృతివాసన్, 1970ల మొదట్లో ఇంటిముందర ముగ్గులను కంప్యూటరు శాస్త్రజ్ఞుల కంటితో చూశారు. మాటకు వ్యాకరణం వున్నట్లు బొమ్మకూ వ్యాకరణం వున్నదనీ, కొద్దిపాటి సూత్రాలు పదేపదే వర్తింపజేస్తే చిన్న ముగ్గునుంచి పెద్ద ముగ్గు పుడుతుందనీ చూపిస్తూ 1974లో వారు ప్రచురించిన వ్యాసం ఆ శాస్త్రంలో పేరుపడ్డది. ఆ దారినే పోయిన విదేశీ పరిశోధకులు తరువాత 'కృష్ణుడి అందెలు' అనే ముగ్గును, పైన చెప్పిన తాబేలు ఆజ్ఞలతోనే, కంప్యూటరుమీద గీయించారు. తెల్లవారుజామున పేడనీళ్ళు చల్లిన వాకిలి, అమెరికాలోని మర తాబేలు ఒకచోట కలుసుకోవడం ఇట్లా జరిగింది. ఆ శాస్త్రజ్ఞులు పిల్లలకు పాఠంగా దీనిని చేయలేదు. ఆ పని మనకు వదిలిపెట్టారు.

పిల్లల పాఠంగా చేసినవారు ఇంకొకవైపు, పాత చిత్తూరు జిల్లాలోనే వున్నారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, మదనపల్లె వేరొక జిల్లాలోకి పోయింది. అంతకు ముందు రెండూ చిత్తూరే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రామ దంపతులు 1980లనుంచి చుట్టుప్రక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడులకోసం ఒక పద్ధతి తయారుచేశారు. తరగతి పుస్తకానికి బదులు వందలకొద్దీ అట్టలు. ఒక్కొక్క అట్టకు ఒక బొమ్మ గుర్తు. గోడమీద నిచ్చెనలాగా ఒక పటం. పిల్లవాడు పటంలో తాను ఎక్కడ వున్నాడో చూసుకుని, తన తరువాతి అట్ట తానే తీసుకుంటాడు. కొన్ని అట్టలు కొత్త పాఠం, కొన్ని అభ్యాసం, ఒకటి పరీక్ష. పరీక్ష అట్ట వస్తే పై మెట్టు. రాకపోతే దానికోసమే వేరే వుంచిన అట్టలు చేసి మళ్ళీ రావాలి. "వస్తే ఇటు, రాకపోతే అటు" అన్న కొమ్మలు కోడింగులో ఎట్లా వుంటాయో ఆ నిచ్చెన పటంలోనూ అట్లాగే వున్నాయి. అది కోడింగుకోసం పెట్టింది కాదు. తెలుగు నేర్పడానికీ, లెక్కలు నేర్పడానికీ పెట్టింది. కాని పల్లెటూరి బడిలో ఒకటవ తరగతి పిల్లవాడు తన దారిని తానే చదువుకుని నడుస్తున్నాడు. రాకపోవడం అక్కడ దెబ్బలు తినే నేరం కాదు, పటంలో ఒక కొమ్మ. తమిళనాడులో సర్కారు బడులు ఈ పద్ధతినుంచి ఎంతో తీసుకున్నాయి.

ఈ చివరి విషయమే నాకు అన్నిటికంటె పెద్దదిగా కనిపిస్తుంది. ఇంటిలోనూ బడిలోనూ మన పిల్లలకు తప్పు అంటే భయం. పలకమీద తప్పు పడితే తుడిచేస్తారు, ఎందుకు పడిందో చూడరు. కంప్యూటరు పనిలో వున్నవాళ్ళను అడిగి చూడండి, వ్రాసేది తక్కువ, చెడినచోటు వెతికేది ఎక్కువ అంటారు. తప్పును చూసి పారిపోయే అలవాటుతో పెరిగినవాడికి ఖరీదైన కంప్యూటరు కొనిచ్చినా ఉపయోగం తక్కువ. రాళ్ళు పేర్చే ఆటలో వాడు పదిసార్లు తప్పుతాడు, ఎవరూ తిట్టరు, అక్క నవ్వుతుంది, పదకొండవసారి టెంకాయ దొరుకుతుంది. ఆ పదిసార్లూ తిట్టకుండా కూర్చోగల మనిషి కావాలి. అదే ఈ చదువుకు అయ్యే ఖర్చు. మరమగ్గం దగ్గర షిఫ్టు ముగించుకుని వచ్చిన తండ్రికి ఆ ఓపిక వుండమనడం అన్యాయం. అవ్వకూ తాతకూ వుంటుంది, పై తరగతి పిల్లలకు వుంటుంది. అంగన్‌వాడీలో వుంటుంది, అక్కడి ఆమెను లెక్కలు వ్రాసే పనిలో ముంచివేయకపోతే. ఫోనుకు ఓపిక బోలెడు వున్నదిగాని, పిల్లవాడు ఎందుకు తప్పాడో దానికి పట్టదు.

కొయ్యతో చేసిన మర బండ్లు, కొయ్య దిమ్మలు పేర్చి నడిపించేవి, తెర లేనివే, విదేశాలలో అమ్ముతున్నారు. బాగుంటాయి. మన మధ్యతరగతి ఇళ్ళకు ఖరీదు అందదు, అందకపోయినా నష్టం లేదు. ఈ ఆటలు ఆడినంతమాత్రాన పిల్లవాడు రేపు ప్రోగ్రాములు వ్రాస్తాడనీ అనుకోకండి. పన్నెండేళ్ళకో పదమూడేళ్ళకో తెరముందు కూర్చున్నప్పుడు అక్కడి మాటలు కొత్తగా వుంటాయి, ఆలోచన పాతదిగా వుంటుంది, అంతే లాభం.

తొమ్మిది పదేళ్ళవాళ్ళు వుంటే ఒక గారడీ నేర్పండి. న్యూజిలాండువారి పుస్తకంలోది, వారు అట్టముక్కలతో చేస్తారు. అష్టాచెమ్మాకు అరగదీసినట్లు చింతగింజలు ఒకవైపు తెల్లగా అరగదీసి, ఎవరినైనా అటు అయిదు ఇటు అయిదు తమ ఇష్టప్రకారం తెలుపు నలుపులుగా పేర్చమనండి. మీ పిల్లవాడు "ఇంకా కష్టంగా వుండనీ" అంటూ ప్రక్కన ఒక నిలువు వరుస, క్రింద ఒక అడ్డ వరుస చేర్చుతాడు. ప్రతి వరుసలోనూ తెల్లవి సరిసంఖ్యలో వుండేటట్లు చేర్చడమే కిటుకు. వాడు కళ్ళు మూసుకున్నప్పుడు ఎవరైనా ఒకే ఒక్క గింజను తిరగవేస్తే, కళ్ళు తెరిచి దానినే చూపిస్తాడు. ఏ అడ్డ వరుసలో, ఏ నిలువు వరుసలో తెల్లవి బేసి అయ్యాయో అక్కడే ఆ గింజ. దూరంనుంచి వచ్చిన సమాచారంలో ఒక అక్షరం చెడిపోతే కంప్యూటర్లు పసిగట్టే ఉపాయాలలో ఇది ఒకటి.

గుంటలాటలో ఒక లెక్క మిగిలిపోయింది. గుంటకు ఆరేసి గింజలు పోసి, ఒకటవ గుంటనుంచి మొదలుపెట్టండి. ఈసారి రెండేసార్లు వేస్తారు, ఆట ఆగిపోతుంది. ప్రక్కనే వున్న రెండవ గుంటలో ఏడు గింజలు వస్తాయి. పద్నాలుగు గుంటలకూ ఆరు గింజలకూ ఏమి పొత్తు కుదిరి ఇంత త్వరగా ఆగిందో, గింజలు వేయకుండానే మీ ఇంట్లో ఎవరు చెబుతారో చూడండి.